నురుగు వస్తే యాంటీఫోమ్ పోసేయడమేనా?

కుక్కర్ విజిల్‌లోంచి పప్పు చిమ్మకుండా ఇంట్లో చుక్క నూనె వేస్తారు కదా, ఫెర్మెంటర్ (సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు) దగ్గర నురుగును అణిచే యాంటీఫోమ్ పోసి మేం చేసేదీ దాదాపు అదే. కాకపోతే ఇక్కడ మోతాదు తప్పితే బ్యాచే పోవచ్చు.

అపోహ: యాంటీఫోమ్ ఎంత పోస్తే అంత మంచిది.

కొత్తలో నేనూ ఇదే నమ్మాను. ఒక నైట్ షిఫ్ట్‌లో నురుగు సైట్ గ్లాస్ (ట్యాంకు లోపలికి చూసే అద్దం) దాకా వచ్చేసరికి టెన్షన్‌తో ఒకేసారి పోసేశాను. నురుగు దిగింది. దాని వెనకే డీఓ (ద్రవంలో కరిగి ఉన్న ఆక్సిజన్) కూడా దిగింది! యాంటీఫోమ్ పైనున్న నురుగును విరగ్గొట్టి ఊరుకోదు. లోపలి చిన్న బుడగల్ని కూడా కలిపేసి పెద్దవి చేస్తుంది. పెద్ద బుడగ గబగబా పైకి పోతుంది, ఆక్సిజన్ కరిగే అవకాశం తగ్గుతుంది. డీఓ కోసం గాలి, ఆర్‌పీఎం (కలిపే రెక్కల వేగం) పెంచాం. మళ్లీ నురుగు మొదలు. పైగా సిలికాన్ రకమైతే తర్వాత అల్ట్రాఫిల్ట్రేషన్ మెంబ్రేన్ (వడపోత పొర) పూడుకుపోవచ్చు. డౌన్‌స్ట్రీమ్ వాళ్ల (బ్యాచ్‌ను తర్వాత శుద్ధి చేసేవాళ్ల) తిట్లు అదనం.

అపోహ: నురుగుకు కారణం గాలి.

ఉత్త నీళ్లలో గాలి ఊదితే బుడగలు నిలవవు. మజ్జిగ చిలికితే నిలుస్తాయి. గాలి బుడగను పుట్టిస్తుంది, దాన్ని పగలకుండా పట్టి ఉంచేది ప్రోటీన్. మీడియా (సూక్ష్మజీవుల ఆహారం)లోని సోయా పిండి, యీస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచి కొంత వస్తుంది. కణాలు పగిలితే ఇంకొంత. అందుకే ఏ కారణం లేకుండా ఉన్నట్టుండి నురుగు పెరిగితే నేను ముందు శాంపిల్ తీసి మైక్రోస్కోప్ కింద పెడతాను.

అపోహ: ఎగ్జాస్ట్‌లోకి కాస్త నురుగు పోయినా పర్వాలేదు.

ట్యాంకులోంచి గాలి బయటికి పోయే ఆ దారిలో ఉండేది సాధారణంగా 0.2 మైక్రాన్ల ఫిల్టర్. తడిస్తే గాలి బయటికి పోదు, ట్యాంకులో ప్రెషర్ పెరుగుతుంది. తడిసిన లైన్ కంటామినేషన్‌కు దారి కూడా. ట్యాంకు పైన 20–30 శాతం ఖాళీ వదిలేది ఇందుకే. కంగారులో ప్రెషర్ ఒక్కసారిగా వదిలారా, సోడా మూత తీసినట్టే, మరింత పొంగుతుంది.

అపోహ: ఫోమ్ ప్రోబ్ అబద్ధం చెప్పదు.

చెబుతుంది. నురుగు తగిలితే సిగ్నల్ ఇచ్చే ఆ సెన్సర్ మీద బ్రాత్ (ట్యాంకులోని ద్రవం) పేరుకుంటే నురుగు లేకపోయినా సిగ్నల్ వస్తుంది, పంపు యాంటీఫోమ్ పోస్తూనే ఉంటుంది. సైట్ గ్లాస్‌లోంచి ఓసారి చూడండి. నిజంగానే నురుగు ఉంటే కొద్దిగా పోసి, ఆగి, డీఓ చూసుకున్నాకే రెండో డోసు.