పిల్లల లాప్‌టాప్‌లో టెర్మినల్: అపోహలు - వాస్తవాలు

ఎక్స్‌ఓ-1 లాప్‌టాప్‌లు బాగుచేయడం, వాటి మీదే పిల్లలకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్పడం నా పని. 'వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్' అనే సంస్థ వాళ్లు 2007లో భారీగా తయారీ మొదలుపెట్టిన ఆకుపచ్చ, తెలుపు యంత్రం ఇది. పైకి షుగర్ అనే బొమ్మల తెర కనిపిస్తుంది గానీ లోపలున్నది ఫెడోరా అనే రకం లినక్సే. టెర్మినల్, అంటే కమాండ్లు టైపు చేసే కిటికీ, తెరిస్తే పిల్లలు కంగారుపడరు, పెద్దవాళ్లే పడతారు. అదీ పడాల్సిన చోట పడరు.

అపోహ: పిల్లలు ఏదో ఒకటి కొట్టి మొత్తం పాడుచేస్తారు.

వాస్తవం: టెర్మినల్‌లో పిల్లవాడు 'ఓఎల్‌పీసీ' అనే మామూలు యూజర్ మాత్రమే. ఎల్ఎస్, పీడబ్ల్యూడీ అనే కమాండ్లు ఉన్నది చూపిస్తాయి, సీడీ చోటు మారుస్తుంది. సిస్టమ్ ఫైళ్లను ముట్టుకోబోతే అనుమతి లేదని అదే ఆపుతుంది. భయపడాల్సింది రెండింటికి. ఫైళ్లు తీసేసే ఆర్ఎంకి చెత్తబుట్ట లేదు, పోయింది పోయినట్టే. ఎస్‌యూ అయితే పాస్‌వర్డ్ అడక్కుండానే రూట్‌ని, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌ని, చేసేస్తుంది. అందుకే నా మొదటి పాఠంలో కమాండ్లు ఉండవు. కమాండ్ కొట్టే చోటికి ముందుండే ప్రాంప్ట్ చివర డాలర్ గుర్తుందా, హాష్ (#) గుర్తుందా చూడమంటాను. హాష్ ఉంటే రూట్ అయినట్టే, చేతులు వెనక్కి!

అపోహ: పాస్‌వర్డ్ పెట్టకపోవడం తయారీదారుల నిర్లక్ష్యం.

వాస్తవం: కావాలనే అలా చేశారు. దీని భద్రతా పద్ధతి పేరు బిట్‌ఫ్రాస్ట్. చదవడం రాని పిల్లలు కూడా వాడేలా ఉండాలి, భద్రత పాస్‌వర్డ్ మీద ఆధారపడకూడదు అన్నది దాని నియమం.

అపోహ: టెర్మినల్‌లో చేసిందల్లా జర్నల్‌లో కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. నాకు ఎక్కువ పని తెచ్చిపెట్టేది ఇదే. జర్నల్ అంటే పిల్లలు చేసిన పనులను షుగర్ చూపించే జాబితా, దానికి ఫైళ్లు దాచుకునే సొంత చోటు ఉంది. అందులోకి తొంగిచూస్తే పిల్లవాడు పెట్టిన పేర్లుండవు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి పేర్లుంటాయి. వాటిని చేత్తో కదిలించకండి. హోమ్ ఫోల్డర్లో చేసిన ఫైలు జర్నల్‌లోకి చేరాలంటే 'కాపీ-టు-జర్నల్' అనే కమాండ్ వాడాలి, అది ఏ రకం ఫైలో కూడా చెప్పాలి.

ఒకసారి ఒక పాప లాప్‌టాప్ వచ్చింది. ఆన్ చేస్తే షుగర్ దాకా రావడం లేదు. 'ఇది పోయింది, పక్కన పడేయండి' అన్నారు తెచ్చినవాళ్లు. కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని, పై వరసలో చుక్కల వలయం ఉన్న మీట నొక్కాను. అది ఎఫ్1 అన్నమాట. నల్లటి తెర, తెల్ల అక్షరాలు. 'చూశారా, చచ్చిపోయింది' అన్నారు మళ్లీ. నిజానికి బతికుందని తెలిసింది అప్పుడే. ఎంత చోటు నిండిందో చెప్పే డీఎఫ్ కొడితే స్టోరేజీ నూటికి నూరు శాతం నిండి ఉంది. మొత్తం ఉన్నదే 1 జీబీ. ఏది ఎంత చోటు తింటోందో చెప్పే డీయూ కొడితే అసలు సంగతి బయటపడింది. పెన్‌డ్రైవ్‌లోని వీడియోలన్నీ కాపీ చేసే సీపీతో హోమ్ ఫోల్డర్లో పోసింది పాప. జర్నల్‌లో కనిపించకపోయేసరికి ఎక్కలేదనుకుని మళ్లీ పోసింది. రాయడానికి ఇసుమంత చోటు లేక షుగర్ లేవలేకపోయింది. రెండో కాపీలు ఆ పాప చేతే తీయించి మళ్లీ ఆన్ చేస్తే బొమ్మలు వచ్చేశాయి.

అపోహ: ఏం జరిగినా మళ్లీ సిస్టమ్ ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: యంత్రానికి సరిపోతుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, తెర పక్కనున్న నాలుగు ఆట బటన్లు నొక్కిపట్టి ఆన్ చేస్తే కొత్తది ఎక్కుతుంది. పిల్లవాడు గీసిన బొమ్మలు మాత్రం తుడిచిపెట్టుకుపోతాయి. ముందు డీఎఫ్, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్.

అపోహ: ఇంత చిన్న యంత్రానికి టెర్మినల్ బరువు.

వాస్తవం: తలకిందులు. 256 ఎంబీ మెమరీలో అన్నింటికన్నా తేలికగా నడిచేది అదే.

అపోహ: ఇంగ్లిష్ వస్తేనే కమాండ్లు వస్తాయి.

వాస్తవం: 'ఎల్ఎస్' ఏ భాషలోనూ మాట కాదు. రెండక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుందని ఒక్కసారి చూపిస్తే చాలు. ఆ రబ్బరు మీటలు చిన్న వేళ్ల కొలతకు చేసినవి, నా వేలు పెడితే రెండేసి నొక్కుకుంటాయి. నా క్లాసులో టైపు చేసేది ఎప్పుడూ పిల్లలే.