పొల్యూషన్ వాళ్ళ పొల్యూషన్ ఎవరు చూస్తారు?

శ్రీకాకుళం

చిరంజీవులైన మనవలకీ మనవరాళ్ళకీ తాత దీవెనలు.

"పైడిభీమవరం కంపెనీల నీళ్ళు పరీక్షకి పట్టుకెళ్ళడానికి పొల్యూషన్ వాళ్ళు డీజిలు బండి మీద వస్తారు కదేటి, మరి ఆ పొగ లెక్క ఎవరు రాస్తారు తాతా?" అని చిన్నది అడిగింది. వెటకారానికి అడిగిందో, నిజంగానే అడిగిందో గానీ ప్రశ్న గట్టిది. ఫోన్లో చెబితే సగం మీ చెవిన పడదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మన దేశంలో నీటి కాలుష్యం మీద చట్టం 1974లో వచ్చింది, గాలి మీద 1981లో. భోపాల్ ఘోరం జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం తెచ్చారు. రాష్ట్రంలో వీటిని అమలు చేసేది కాలుష్య నియంత్రణ మండలి. మనూళ్ళో అందరూ పొల్యూషన్ బోర్డనే అంటారు. ఎంత బోర్డయినా అదీ ఒక ఆఫీసే కదా. ఏసీలుంటాయి, కంప్యూటర్లుంటాయి, కరెంటు పోతే జనరేటరు మోగుతుంది, బళ్ళు తిరుగుతాయి, వెనకాల ల్యాబు ఉంటుంది.

ముందు బండి సంగతి చూద్దాం. లీటరు డీజిలు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. లీటరు డీజిలు కిలో బరువు కూడా ఉండదు, మరి రెండున్నర కిలోల పైన ఎలా వచ్చిందని మీకు అనుమానం రావాలి. డీజిల్లో ఉన్న కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, బరువులో ఎక్కువ వాటా ఆ ఆక్సిజన్‌దే. లీటరుకి పన్నెండు కిలోమీటర్లు ఇచ్చే బండి శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్ళి వస్తే పద్దెనిమిది లీటర్లు తాగుతుందనుకోండి. దాదాపు 49 కిలోలు గాలిలో కలిసినట్టే. కరెంటుదీ అంతే. మన దేశంలో యూనిట్‌కి సగటున 0.7 కిలోల దాకా పడుతుంది, ఎందుకంటే ఎక్కువ భాగం బొగ్గు మండించి తీస్తున్నదే. ఏ సంస్థయినా తన లెక్క మొదలుపెట్టేది ఇక్కడే: తను కాల్చిన ఇంధనం ఒక పద్దు, కొన్న కరెంటు ఇంకో పద్దు, తన కోసం వేరేవాళ్ళు తయారుచేసిన వస్తువులు, చేసిన పనులు మూడో పద్దు. మొదటి రెండూ బిల్లుల్లో దొరుకుతాయి. ఈ మూడోదే చిక్కు, చాలామంది దాన్ని రాయకుండా వదిలేస్తారు.

బండి పొగ అందరికీ కనబడుతుంది గనక చిన్నది దాన్నే పట్టుకుంది. ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, నా చూపు మాత్రం ల్యాబు మీదికి పోతుంది.

నీళ్ళు ఎంత మురికయ్యాయో తేల్చడానికి సీఓడీ (కెమికల్ ఆక్సిజన్ డిమాండ్) అనే పరీక్ష చేస్తారు. గాజు ఫ్లాస్కులో 20 మిల్లీలీటర్ల నీళ్ళు తీసుకుని, నారింజ రంగు పొటాషియం డైక్రోమేటు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాస్త సిల్వర్ సల్ఫేటు కలిపి రెండు గంటలు కాగబెడతారు. నీళ్ళలో మురికి ఉన్నకొద్దీ డైక్రోమేటు ఖర్చయిపోతుంది, నారింజ రంగు పోయి ఆకుపచ్చ తిరుగుతుంది. మిగిలినదెంతో కొలిస్తే ఖర్చయినదెంతో తెలుస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది. అయితే నీళ్ళలో ఉప్పుంటే అదీ డైక్రోమేటుని తినేసి లెక్క తప్పిస్తుంది. ఆ ఉప్పుని కట్టిపడెయ్యడానికి మెర్క్యురిక్ సల్ఫేటు వేస్తారు, అంటే పాదరసం ఉన్న మందే. ఒక్కో ఫ్లాస్కుకి 0.4 గ్రాములు మామూలు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ళు పట్టారనుకోండి, ఉప్పు ఎక్కువ కాబట్టి పాదరసమూ ఎక్కువ కావాలి.

ఇప్పుడు పెన్సిల్ తియ్యండి. ఆ 0.4 గ్రాముల్లో పాదరసం వంతు సుమారు 0.27 గ్రాములు, అంటే 270 మిల్లీగ్రాములు. తాగే నీళ్ళలో మన దేశం ఒప్పుకునే హద్దు లీటరుకి 0.001 మిల్లీగ్రాము. భాగించండి. 2,70,000 లీటర్లు! ఒక్క ఫ్లాస్కులో మిగిలిన పాదరసాన్ని ఆ హద్దులోకి దించాలంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు యాభై నాలుగు కావాలి. పైగా ప్రతి విడతలోనూ మురికి లేని శుద్ధమైన నీళ్ళతో ఒక ఫ్లాస్కు పోల్చి చూసుకోవడానికి పెట్టాలి, దానికీ ఇదే మోతాదు. పరీక్ష పూర్తయ్యేసరికి డైక్రోమేటులోని క్రోమియం విషం చాలావరకు తగ్గుతుంది గానీ పాదరసం ఎక్కడికీ పోదు. నీళ్ళ బాగు కోసం చేసిన పరీక్షే నీళ్ళని పాడుచెయ్యగలదన్నమాట. పాతకాలం ల్యాబుల్లో దీన్ని సింకులో పోసి కొళాయి తిప్పేసేవాళ్ళు, నేను కళ్ళారా చూశాను.

బుద్ధిగా నడిచే ల్యాబు ఏం చేస్తుందంటే, ఈ ద్రవానికి వేరే క్యాను పెట్టి, మీద చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థంగా పుస్తకంలో ఎక్కిస్తుంది. 2016 నాటి నిబంధనల ప్రకారం దాన్ని తొంభై రోజులకు మించి అట్టే పెట్టుకోకూడదు. మనవైపు ఇలాంటి వ్యర్థాలు విశాఖ దగ్గర పరవాడలో ఉన్న కేంద్రానికి వెళ్తాయి. అంతకంటే మెరుగైన దారి అసలు పుట్టించడమే తగ్గించడం. ఇదే పరీక్షని చిన్న గొట్టాల్లో 2.5 మిల్లీలీటర్ల నీళ్ళతో చెయ్యొచ్చు. మందులన్నీ కలుపుకున్నా మొత్తం 7.5 మిల్లీలీటర్లే. కొన్ని ఫ్యాక్టరీల గొట్టాల దగ్గర కాంతితో కొలిచే యంత్రాలు పెట్టారు, వాటికి పాదరసం అక్కర్లేదు. కాకపోతే ఆ యంత్రాలు పాతబడితే ఈ-వేస్టు అవుతాయి. ఒకచోట తగ్గితే ఇంకోచోట తేలుతుంది, అది కూడా పద్దులో రాసుకోవాల్సిందే.

ఇక్కడ మీకో మాట గట్టిగా చెప్పాలి. బండి పొగ తగ్గించాలని తనిఖీలు మానెయ్యకూడదు. రాత్రిపూట దొంగచాటుగా వదిలే నీళ్ళని రాత్రి వెళ్ళే పట్టుకోవాలి. పట్టిన నీళ్ళని ఐసులో పెట్టి అదే రోజు ల్యాబుకి చేర్చాలి, లేకపోతే లోపలి సూక్ష్మజీవులు మురికిని తినేసి లెక్క మారిపోతుంది. కదలకుండా కూర్చుని "మా కాలుష్యం సున్నా" అనే బోర్డు మనకెందుకు? దారిలో ఉన్న నాలుగు చోట్లూ ఒకే ట్రిప్పులో చూసుకు రావడం, డీజిలు బండి బదులు కరెంటు బండి పెట్టుకోవడం, ఇలా తగ్గించుకోవాలి.

ఇంగ్లండ్‌లో 1996 నుంచి పనిచేస్తున్న పర్యావరణ సంస్థ (ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ) కథ ఇంకా తమాషాగా ఉంటుంది. వరదల నుంచి ఊళ్ళని కాపాడే పని కూడా దానిదే. 2030 కల్లా తన ఉద్గారాలని నికరంగా సున్నాకి తేవాలని, అంటే గాలిలోకి వదిలినదానికి సరిపడా తిరిగి తీసేసేలా చూడాలని 2019లో అనుకుంది. తీరా లెక్క వేస్తే ఆఫీసు లైట్ల కంటే వరద గోడలకి పోసే కాంక్రీటుదే పెద్ద వాటా. నీళ్ళు తోడే పంపులు కూడా కరెంటు బాగా తింటాయి. సున్నపురాయిని కాల్చి సిమెంటు చేస్తారు కదా, ఆ రాతిలోంచే కార్బన్ డయాక్సైడు బయటికొస్తుంది. వంశధార, నాగావళి పొంగితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు, కాబట్టి గట్లు వద్దని ఎవరూ అనరు. మట్టితో పని జరిగేచోట కాంక్రీటు ఎందుకన్నదే అక్కడి ప్రశ్న. లైట్లార్పమని గోడకి స్టిక్కరు అంటించి చేతులు దులుపుకునుంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఢిల్లీలో మన పర్యావరణ మంత్రిత్వ శాఖ 2014లో కొత్త భవనంలోకి మారింది. ఇందిరా పర్యావరణ్ భవన్. ఏడాది మొత్తానికి వాడే కరెంటంతా అక్కడే పుట్టాలన్న లక్ష్యంతో 930 కిలోవాట్ల సౌర పలకలు పరిచారు. జర్మనీ పర్యావరణ సంస్థకి డెస్సావు ఊళ్ళో ఒక భవనం ఉంది. అందులోకి వెళ్ళే గాలి ముందు నేలలో పాతిన గొట్టాల గుండా ప్రయాణిస్తుంది, ఎండాకాలం చల్లబడి, చలికాలం కాస్త వేడెక్కి లోపలికి వస్తుంది. నాకు ఆ భవనం కంటే నచ్చింది ఇంకోటుంది. ఆ సంస్థ తన లెక్కలు తనే రాసుకుని ఊరుకోదు. యూరప్‌లో ఈమాస్ అనే పద్ధతి ఉంది, దాని ప్రకారం బయటి తనిఖీదారు వచ్చి సరిచూడాలి, ఆ నివేదిక జనానికి అందుబాటులో ఉండాలి. పర్యావరణ నిర్వహణకి ఐఎస్‌ఓ 14001 అనే ప్రమాణం కూడా ఉంది గానీ, అందులో నివేదిక బయటపెట్టి తీరాలన్న పట్టింపు లేదు. నన్నడిగితే ఆ పట్టింపే ముఖ్యం.

కాబట్టి చిన్నదానికి జవాబు ఇది: పొగ లెక్క ముందు వాళ్ళే రాయాలి, దాన్ని బయటివాళ్ళు చూడాలి, ఆపైన మీలాంటి వాళ్ళు చదవాలి. చదవడానికి దొరక్కపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, మీ నాన్న చేత దరఖాస్తు పెట్టించొచ్చు. ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఎన్ని లీటర్ల డీజిలు, సీఓడీ వ్యర్థం ఎంత, ఎక్కడికి పంపారు. ఈ నాలుగూ అడిగితే చాలు.

ఈలోగా మీ బడి సైన్సు ల్యాబులో సింకు కింద గొట్టం ఎటు పోతుందో మీ మాస్టారిని అడిగి నాకు రాయండి. కాలవలోకా, గుంతలోకా, మున్సిపాలిటీ డ్రైనేజీలోకా?

ఇట్లు,
మీ తాత