తాడు లాగినా పలకని రంపం

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

అటక మీది, పెట్రోలుతో నడిచే చైను రంపాన్ని దింపి శుభ్రం చేశారని, చేతులు నొప్పి పుట్టేలా ఇంజనును స్టార్టు చేసే తాడు లాగినా అది పలకలేదని మీరు రాసిన ఉత్తరం చదివాను. తుపాన్ల కాలం రాకముందే దాన్ని సిద్ధం చేసుకోవాలన్న మీ ఆలోచన నాకు ఎంతో సంతోషం కలిగించింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు వేళ్లతో సహా కూలి దారులకు అడ్డంగా పడ్డాయి. వాటిని కోసి పక్కకు లాగితే గాని ఊళ్లోకి బండి రాలేదు. అలాంటి రోజున పనిచేయని రంపం ఇంట్లో ఉన్నా లేనట్టే.

అన్నిటికంటే ముందు ఒక షరతు. నాన్నగారు పక్కన లేనప్పుడు దాన్ని ముట్టుకోవద్దు. విప్పి చూడటం, తుడవటం, బిగించటం మీరు చేయవచ్చు గాని, తాడు లాగటం, నిప్పురవ్వ పరీక్ష, కోత ఆయనే చేయాలి. చైను మీద చెయ్యి వేయవలసి వస్తే ముందుగా ప్లగ్గు (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే భాగం) మీది టోపీని ఊడదీయండి. పెట్రోలుతో చేసే పని ఏదైనా వంటింటికి దూరంగా, ఆరుబయట చేయండి.

ఇంజను పలకాలంటే గాలితో తగిన పాళ్లలో కలిసిన పెట్రోలు, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండరులో గట్టి ఒత్తిడి, ఈ మూడూ ఒకేసారి కుదరాలి. వీటిలో ఏది లోపించిందో తేల్చుకోకుండా తాడు లాగుతూ పోతే అసలు లోపం అలాగే ఉండగా, లోపల పెట్రోలు నిండిపోయి కొత్త లోపం ఒకటి వచ్చి చేరుతుంది. అందుకే ముందు తాడు వదిలేసి, రంపాన్ని చూడటం నేర్చుకోండి.

ట్యాంకులో మిగిలి ఉన్న పాత పెట్రోలును గాజు సీసాలోకి వంచి చూడండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మనలాంటి సముద్రతీరపు ఊళ్లలో నెలల తరబడి నిలవ ఉంటే ఆ తేమ, ఇథనాల్ కలిసి అడుగున వేరే పొరగా చేరవచ్చు, ఘాటైన వార్నిష్ వాసన కూడా రావచ్చు. అలాంటిది కనబడితే మరో ఆలోచన లేకుండా తీసేసి కొత్తది పోయాలి. ఈ ఇంజనుకు వేరుగా ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. కంపెనీ 50కి 1 అని చెబితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని చెబితే 40 మిల్లీలీటర్లు కలపాలి. పక్కనున్న రెండో మూత చైను ఆయిల్‌ది. ఆ రెండిటినీ తారుమారు చేయవద్దు.

స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసి, చోక్ (ఇంజనుకు వెళ్లే గాలిని తగ్గించే మూత) మూసి, నాన్నగారి చేత నాలుగైదుసార్లు తాడు లాగించండి. తరువాత ప్లగ్గు విప్పి, దాని కొసను వెలుతురులో చూడండి. ఇంత చిన్న వస్తువు చెప్పినంత సమాచారం రంపంలో మరేదీ చెప్పదు. కొస పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరు దాకా చేరడం లేదు. తడిసి పెట్రోలు వాసన కొడుతూ ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వ లేదు, లేదా పెట్రోలు అతిగా నిండిపోయింది. కొస మీద నల్లటి మసి పేరుకుని ఉంటే ఇత్తడి బ్రష్షుతో తోమి, రెండు కొసల మధ్య సందు సుమారు అర మిల్లీమీటరు ఉండేలా సరిచేయండి. కొత్త ప్లగ్గు ఖరీదు తక్కువే కాబట్టి అనుమానం ఉంటే మార్చడమే మంచిదని నా అభిప్రాయం.

నిప్పురవ్వ పరీక్షకు సిలిండరు రంధ్రాన్ని గుడ్డతో మూసి, పెట్రోలు డబ్బాను దూరంగా పెట్టి, టోపీకి తగిలించిన ప్లగ్గు లోహభాగాన్ని ఆ రంధ్రానికి ఎడంగా ఇంజను లోహానికి ఆనించి తాడు లాగాలి. నీలంగా రవ్వ మెరిస్తే ఆ భాగం బాగుంది. కొత్త ప్లగ్గుతో కూడా మెరవకపోతే స్విచ్‌కు వెళ్లే తీగను చూడండి, అటక మీద ఎలుకలు దాన్ని కొరికి ఉండవచ్చు. తీగ బాగుంటే, నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిల్‌కు తిరిగే చక్రానికి మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉందో లేదో మెకానిక్ చేత చూపించాలి.

ప్లగ్గు పొడిగా ఉంటేనే పని ఎక్కువ. పాత రంపాల జబ్బు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది కాబట్టి ఈ భాగాన్ని ఓపికగా చదవండి. కొస వంచిన తీగతో ట్యాంకులోని రబ్బరు గొట్టాన్ని పైకి లాగితే దాని చివర చిన్న ఫిల్టరు కనిపిస్తుంది. అది నల్లబడి గట్టిపడితే మార్చాలి. గొట్టాన్ని వేళ్ల మధ్య వంచి చూడండి: పాతదైతే వంపు దగ్గర సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. పెట్రోలుకు బదులు అక్కడి నుంచి గాలి దూరుతుంది. గొట్టం బాగుంటే, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బరేటర్ మూతలు విప్పండి. లోపల కాగితంలా పలచని రబ్బరు పొరలు ఉంటాయి. ఇంజను ఊపిరికి అవి పైకీ కిందికీ కదులుతూ పెట్రోలును లాగి అందిస్తాయి. మెత్తగా ఉండవలసిన ఆ పొర ఎండిన అరిటాకులా గరగరలాడితే ఇక కదలదు, రంపం పలకకపోవడానికి అది ఒక్కటే చాలు. విప్పేటప్పుడు ప్రతి పొరనూ ఫోనుతో ఫోటో తీసి, అదే వరుసలో బిగించండి. పొర, గాస్కెట్ (సందు మూసే పలచని అట్ట) వరుస తప్పితే కొత్త కిట్టు (ఈ పొరలు, గాస్కెట్లు కలిపి అమ్మే పొట్లం) వేసినా ఫలితం ఉండదు. సన్నని రంధ్రాల్లో సూదులు, తీగలు గుచ్చకుండా కార్బరేటర్ క్లీనర్‌తోనే కడగండి. పక్కనుండే, పెట్రోలు పాళ్లను సరిచేసే రెండు మరలను తిప్పే ఉబలాటాన్ని మాత్రం ఆపుకోండి.

ఎయిర్ ఫిల్టరులోని రంపపు పొట్టును దులపడం, సైలెన్సరులోని జల్లెడకు పట్టిన మసిని తీయడం మీకు పెద్ద పని కాదు. స్విచ్ ఆపి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీస్తే అది ఆగి ఆగి దిగాలి. జర్రున జారిపోతే ఒత్తిడి లేదని అర్థం. సైలెన్సరు విప్పి లోపల పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి. బాగుచేయించే ఖర్చు కొత్త రంపం ధరతో పోల్చి నాన్నగారే నిర్ణయిస్తారు.

అన్నీ సరిచేశాక, రంపాన్ని నేల మీద ఆనించి, చైను బ్రేకు వేసి, చోక్ మూసి లాగాలి. ఒక్కసారి టప్‌మని పలికి ఆగగానే చోక్‌ను సగానికి తెరవాలి. చాలామంది ఆ చిన్న శబ్దాన్ని గమనించక చోక్ మూసే ఉంచి లాగుతారు, దాంతో ప్లగ్గు తడిసిపోతుంది. అలా అయితే ప్లగ్గు తీసి, చోక్ తెరిచి, కొన్నిసార్లు లాగి ఆరనివ్వాలి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది అయిపోయి దానంతటదే ఆగేదాకా ఇంజనును నడిపి, అప్పుడు అటక ఎక్కించండి.

ఈ ఆదివారం ప్లగ్గు విప్పి చూసి, పొడిగా ఉందో తడిగా ఉందో నాకు రాయండి. పొడిగా ఉంటే కార్బరేటర్ మీద చెక్కిన అక్షరాలు, అంకెలు కూడా తప్పు లేకుండా రాసి పంపండి. పలాసలో గాని శ్రీకాకుళంలో గాని కిట్టు అడగడానికి అవి కావాలి.

ఇట్లు,
మీ తాతయ్య