రాత్రి పన్నెండింటికి మీ వంతు

రాయపురం, చెన్నై

పిల్లలూ,

పోయిన ఆదివారం కాసిమేడు రేవులో పడవలు చూస్తున్నప్పుడు మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, తెరచాప ఓడలో సముద్రం దాటే విద్యార్థులకి రోజంతా ఏం పని ఉంటుంది? ఎటు చూసినా నీళ్ళేగా, బోర్ కొట్టదా?" ఎండలో నిలబెట్టి చెప్పే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

బోర్ కొట్టడానికి అసలు తీరిక దొరకదు. రాత్రయిందని ఓడ ఆగదు కదా. బస్సయితే దాబా దగ్గర ఆపుతారు. నడిసముద్రంలో లంగరు వేద్దామన్నా అడుగు అందదు. కాబట్టి ఏ వేళలోనైనా కొందరు మేలుకుని ఓడ నడుపుతూ ఉండాలి, మిగతావాళ్ళు వాళ్ళమీద భారం వేసి పడుకోవాలి. ఈ వంతునే వాచ్ అంటాం.

అందరినీ మూడు జట్లు చేస్తారు. నాలుగు గంటలు పని, తర్వాత ఎనిమిది గంటలు విడుపు. ఆ విడుపులోనే తిండి, నిద్ర, బట్టలు ఉతుక్కోవడం, పాఠాలు. ఇక్కడ మీకో లెక్క. రోజుని నాలుగేసి గంటల చొప్పున కోస్తే ఆరు ముక్కలు వస్తాయి. జట్లు మూడు. అంటే అర్ధరాత్రి వంతు ప్రయాణమంతా ఒకే జట్టు నెత్తిన పడుతుంది. పాత నావికులు దీనికో ఉపాయం కనిపెట్టారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న ముక్కని మాత్రం రెండుగా చీల్చారు. ఇప్పుడు ఏడు ముక్కలు. ఏడుని మూడు భాగించదు కాబట్టి వంతు రోజూ జరుగుతూ పోతుంది. కాగితం మీద వేసి చూడండి, నాకు భలే ఇష్టమైన లెక్క ఇది.

అర్ధరాత్రి వంతు గురించి కొంచెం ఎక్కువ చెబుతాను. పన్నెండుకి ఇంకా అరగంట ఉందనగా దిగిపోయే జట్టులో ఒకరు వచ్చి మీ భుజం తట్టి లేపుతారు. చేతిలో ఎర్ర టార్చి. పైన గాలి ఎలా ఉందో, వానకోటు కావాలో అక్కర్లేదో మెల్లగా చెబుతారు, పక్క బంకులో, అంటే పక్క పడకమీద ఉన్న వాళ్ళకి నిద్రాభంగం కాకుండా. ఎరుపే ఎందుకంటే, మన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెల్లటి వెలుగు ఒక్కసారి తగిలిందా, మళ్ళీ మొదటికే వస్తుంది. ఎర్ర వెలుగు అంత పాడు చేయదు.

నేను కుర్రవాణ్ణిగా తొలిసారి తెరచాప ఓడ ఎక్కినప్పుడు ఒక రాత్రి లేపినా మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. పైకి వెళ్ళేసరికి పది నిమిషాలు ఆలస్యం. నా కోసం నిలబడ్డవాడు వానలో తడిసి పళ్ళు పటపటలాడిస్తున్నాడు. ఒక్క మాట అనలేదు. తన నడుముకున్న రక్షణ తాడు కొక్కెం విప్పి, నాది ఓడకి తగిలించిందీ లేనిదీ చేత్తో లాగి చూసి, కిందికి దిగిపోయాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఆ తాడు లాగి చూసిన చెయ్యి ఇప్పటికీ గుర్తుంది.

వాచ్‌లో ఒకరు చుక్కాని పట్టుకుంటారు, ఒకరు ఓడ ముందు నిలబడి దీపాలూ పడవలూ కనిపెడతారు, మిగిలినవాళ్ళు తెరచాపల తాళ్ళ దగ్గర. దిక్సూచినే చూస్తూ కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. అందుకని మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) కొసన ఒక నక్షత్రాన్ని గురిపెట్టుకుని నడుపుతాం. అదీ పడమటికి జారుతుంది గనక కాసేపటికి మరోటి ఎంచుకోవాలి. గంట గంటకీ దిశ, వేగం, గాలి, వాయుపీడనం పుస్తకంలో రాయాలి. పీడనం గబగబా పడిపోతుంటే పెద్దవాళ్ళని లేపాల్సిందే.

వేగమంటే ఎంతనుకున్నారు? ఆరు నాట్లు బాగా నడిచినట్టే. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. అంటే సైకిలు వేగమే. అయినా ఆగదు కాబట్టి రోజుకి దాదాపు 267 కిలోమీటర్లు పోతుంది. రైలులో ఇక్కడ ఎక్కితే ఒంగోలు ఇంకా రాదు.

వంట సంగతికి వద్దాం. ఓడ ఒరిగినా పొయ్యి సమంగా ఉండేట్టు ఊగే చట్రంలో బిగిస్తారు, గిన్నెలు జారకుండా కడ్డీలతో పట్టిస్తారు. పప్పు గిన్నెకి సగమే వండాలి, లేకపోతే నేలమీదే తినాలి. కంచాల కింద తడిగుడ్డ పరిస్తే జారవు. కొత్తిమీర, ఆకుకూరలు మొదటి నాలుగు రోజులే. ఆ తర్వాత ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీ. మూడో వారంలో ఎవరో ఆవకాయ జాడీ మూత తీస్తే ఆ వాసనకి పడుకున్నవాళ్ళు కూడా లేచి వస్తారు. అంట్లు అందరికీ వంతే. ఇంట్లో గ్లాసు కడగని పిల్లలు అరవైమంది తిన్న పళ్ళేలు కడగడం చూశాను.

నీళ్ళు మాత్రం కొలిచి వాడాలి. 2019 వేసవిలో మన ఊరి చెరువులు ఎండిపోయి బిందెలతో లైన్లలో నిలబడ్డ రోజులు మీ అమ్మానాన్నల్ని అడగండి, కొంత అర్థమవుతుంది. సముద్రపు నీళ్ళతో ఉతుకుదామంటే మామూలు సబ్బు నురగ రాదు, ఆ ఉప్పులు నురగని చంపేస్తాయి. ఆరినట్టే ఉన్న చొక్కా రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది, అందులో మిగిలిన ఉప్పు గాల్లో తేమని పీల్చుకుంటుంది గనక. అందుకే వాన పడిందంటే సబ్బులు పట్టుకుని అంతా డెక్ మీదే!

మొదటి రెండు మూడు రోజులు చాలామందికి వాంతులు. చెవి లోపలి భాగం "కదులుతున్నాం" అంటుంది, గదిలో ఉన్న కళ్ళు "కదలడం లేదు" అంటాయి. ఆ తగువే వికారం. పైకి తెచ్చి, నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడమని, చుక్కాని చేతికిస్తే చాలామటుకు తేరుకుంటారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొన్ని రాత్రులు ఓడ వెనక నీళ్ళు నీలంగా వెలుగుతాయి. 2019 ఆగస్టులో బెసంట్ నగర్ తీరంలో అలలు మెరిశాయని జనం పరుగెత్తారే, అదే. కంటికి కనిపించీ కనిపించనంత చిన్న జీవులు, నీళ్ళు కదిలితే వెలుగుతాయి. చీకట్లో ఓడ పక్కన డాల్ఫిన్ ఈదితే దాని ఒళ్ళంతా వెలుగు గీతలు. అది చూడాలంటే మీ వంతు రాత్రి పడాలి.

ఆడపిల్లలు వెళ్ళగలరా అని అడిగిన చిన్నదానికి విడిగా చెబుతున్నాను. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళంలో ఆరుగురు ఆడ అధికారులు గోవా నుంచి 'తారిణి' అనే పడవలో బయలుదేరి, భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న వచ్చారు. పడవ పొడవు 17 మీటర్లే. అందులో స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. వాళ్ళూ వంతుల వారీగానే నిద్రపోయారు, వంతుల వారీగానే వండుకున్నారు.

వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు తలా రెండు గజాల నూలు తాడు తెచ్చుకోండి, నైలాన్ వద్దు, జారుతుంది. కళ్ళు మూసుకుని కట్టాల్సిన ముడి ఒకటి ఉంది, నేర్పుతాను. సాయంత్రం నాలుగున్నరకి, ఐదు నిమిషాలు ముందే రండి.

మీ తాతయ్య