టైమ్స్ న్యూ రోమన్: డీటీపీ టేబుల్ దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

విజయనగరంలో డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకి పేజీలు కూర్చే పని) చేసేవాళ్లకి ఎండాకాలం వచ్చిందంటే ఒకపక్క శుభలేఖలు, ఇంకోపక్క కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు. రెండింటిలోనూ ఇంగ్లీషు భాగానికి ఎక్కువమంది చెప్పే ఫాంటు (అక్షరాల తీరు) పేరు టైమ్స్ న్యూ రోమన్. పేరు అందరికీ తెలుసు గానీ దాని గురించి చెప్పేవాటిలో సగం తప్పులే.

అపోహ: అది వర్డ్‌తో పాటు వచ్చిన కంప్యూటర్ అక్షరం.

వాస్తవం: కంప్యూటర్ కంటే చాలా పాతది. లండన్ పత్రిక 'ది టైమ్స్' అచ్చు బాగోలేదని స్టాన్లీ మోరిసన్ అనే ముద్రణ నిపుణుడు 1929లో విమర్శించాడు. చివరికి దాన్ని బాగుచేసే పని ఆయనకే వచ్చింది. మోరిసన్ దారి చూపిస్తే, ఆ పత్రిక ప్రకటనల విభాగంలో పనిచేసే విక్టర్ లార్డెంట్ అక్షరాలు గీశాడు. ప్లాంటిన్ అనే పాత అచ్చు అక్షరం వాళ్లకి ఆధారం. 1932 అక్టోబర్ 3న పత్రిక ఆ అక్షరాలతో బయటికొచ్చింది, 1972 దాకా వాటితోనే నడిచింది. విండోస్ 3.1తో 1992లో మన టేబుల్ మీదికి చేరింది. వర్డ్‌లో 2007లో కాలిబ్రి వచ్చేవరకు తెరవగానే కనిపించే ఫాంటు ఇదే.

దాని రూపానికి కారణం కూడా పత్రికే. ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలి, చిన్న సైజులోనూ చదవగలగాలి. అందుకని అక్షరం వెడల్పు తగ్గించారు. చిన్న అక్షరాల నడిమి భాగం ఎత్తుగా ఉంచి, పైకి లేచే కొమ్ముల్ని, కిందికి దిగే తోకల్ని కురచ చేశారు. నిలువు గీతలు లావు, వంపు తిరిగే చోట సన్నం. గీతల చివర్న చిన్న పాదాల్లా కనిపించే సెరిఫ్‌లు పదునుగా ఉంటాయి.

అపోహ: పత్రిక కోసం చేశారు కాబట్టి ఏ కాగితం మీదైనా నిలబడుతుంది.

నిలబడదు. 'ది టైమ్స్' వాడిన కాగితం, అచ్చు మిగతా పత్రికల కంటే మేలైనవి. ఆ సన్నగీతలు చవక న్యూస్‌ప్రింట్‌కి (మామూలు పత్రిక కాగితానికి) ఆగవని చాలా పత్రికలు దీని జోలికే పోలేదు. ఇది బాగా చెల్లింది పుస్తకాల్లో, మ్యాగజైన్లలో. మన దగ్గరా అంతే. మ్యాప్‌లిథో అనే నున్నటి తెల్ల కాగితం మీద ఆఫ్‌సెట్ ప్రెస్సులో వేస్తే ముచ్చటగా వస్తుంది. అదే పల్చటి కరపత్రంలో ఎర్ర రంగు మీద తెల్ల అక్షరాలుగా చిన్న సైజులో వేస్తే ఇంకు పాకి గీతలు పూడిపోతాయి. పైడితల్లమ్మ పండక్కి కట్టే ఫ్లెక్సీల మీదా ఇది వద్దు. దూరం నుంచి లావు గీతలే కనిపిస్తాయి, సన్నవి మాయమైపోతాయి.

అపోహ: 12 పాయింట్లు పెట్టేస్తే రిపోర్టు సరిపోయినట్టే.

పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. కానీ 12 అన్నది అక్షరం ఎత్తు కాదు, అక్షరం కూర్చునే చోటు ఎత్తు. అందుకే అదే 12లో గారమండ్ అనే ఫాంటు చిన్నగా, టైమ్స్ కొంచెం పెద్దగా కనిపిస్తాయి. అసలు ఇబ్బంది వరుస పొడవుతో. ఏ4 కాగితానికి నాలుగు వైపులా అంగుళం మార్జిన్ వదిలితే, ఇరుకు కాలమ్ కోసం పుట్టిన ఈ అక్షరాలు వరుసకి 90 దాకా పడతాయి. హాయిగా చదవడానికి 60, 70 చాలు. కాలేజీలు ఒకటిన్నర లైన్ స్పేసింగ్ అడిగితే పేజీలు పెరుగుతాయని పిల్లలు గొణుగుతారు గానీ, అది లేకపోతే కన్ను వరుస తప్పుతుంది. ఎడమపక్క ఒకటిన్నర అంగుళం వదిలితే బైండింగ్‌కీ మంచిది, కంటికీ మంచిది.

"మొత్తం సెలెక్ట్ చేసి టైమ్స్ పెట్టేయండి మాస్టారూ" అనే మాట వింటే మాత్రం నాకు టెన్షన్. టైమ్స్‌లో తెలుగు కూడా ఉందని చాలామంది నమ్మకం. లేదు. అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటర్ లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లతో ఉంటుంది. దానికి టైమ్స్ పెట్టగానే తెలుగంతా పిచ్చి గుర్తులైపోతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో కొడితే అలా కాదు. తెలుగుకి వర్డ్ తనే వేరే ఫాంటు తెచ్చుకుంటుంది, ఇంకో సిస్టమ్‌లో తెరిస్తే అక్కడ మరొకటి రావచ్చు, పేజీలు జరగొచ్చు. తెలుగు ఫాంటు మీరే ఎంచుకుని, ప్రింటుకి పీడీఎఫ్ ఇవ్వండి. ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో గురజాడ, గిడుగు అని మన వైపు పెద్దల పేర్లతోనే రెండున్నాయి.

ఇటాలిక్ అంటే వాల్చిన అక్షరం అనుకోవడం మరో పొరపాటు. టైమ్స్ ఇటాలిక్‌ని వేరుగా గీశారు, అందులో ఇంగ్లీషు చిన్న 'a' ఆకారమే మారిపోతుంది. తెలుగుకి ఆ సంప్రదాయం లేదు. ఐ బటన్ నొక్కితే వత్తులతో సహా పక్కకి ఒరిగిపోతాయి, అంతే. నొక్కి చెప్పాల్సిన మాటకి బోల్డ్ చాలు.

శుభలేఖలో వధూవరుల పేర్లకి టైమ్స్ నేను వెయ్యను. 36 పాయింట్లు దాటితే పొదుపు కోసం చేసిన ఆ ఇరుకంతా బయటపడుతుంది. పేర్లకి బాస్కర్‌విల్ లాంటి ఫాంటు పెట్టి, కింద ముహూర్తం, వేదిక వివరాలకి టైమ్స్ వాడితే పొందిగ్గా ఉంటుంది. అన్నీ పెద్ద అక్షరాల్లోనే కావాలని పట్టుబడితే, అక్షరాల మధ్య కాస్త ఎడం పెంచాలి.

సెరిఫ్ ఉంటేనే చదవడం తేలిక అన్న మాట పరిశోధనల్లో తేలలేదు. సైజు, వరుస పొడవు, వరుసల మధ్య ఖాళీ, వీటి ప్రభావమే ఎక్కువ.

ఇంకొకటి. వర్డ్‌కి బదులు ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్ వాడేవాళ్లు టైమ్స్ లేదని కంగారు పడక్కర్లేదు. లిబరేషన్ సెరిఫ్ అనే ఫాంటు అక్షరాల వెడల్పులు సరిగ్గా టైమ్స్ న్యూ రోమన్‌వే, ఇంగ్లీషు వరుసలు విరిగే చోటు మారదు.