వైట్ నది మునగకముందు గాలాలు

అమెరికాలో పాత గాలపు ఎరలు పోగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. చేప ఆకారంలో కొయ్య చెక్కి, రంగులేసి, గాజు కళ్ళు పెట్టి, పొట్టకింద మూడేసి కొక్కేల గాలాలు తగిలించిన ఉత్తుత్తి ఎరలివి. బాగా పాతవి, పెట్టె కూడా చెక్కుచెదరనివి అయితే వేలంలో వేల డాలర్లు పలుకుతాయి. అయితే ఎక్కడ చూసినా మాటలన్నీ ధర గురించే, రంగు ఊడిందా లేదా అన్న దాని గురించే. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. వీటిలో చాలా ఎరలు ఏ నీళ్ళ కోసం తయారయ్యాయో ఆ నీళ్ళు ఇప్పుడు లేవు. ఆర్కన్సా, మిస్సోరీ రాష్ట్రాల మధ్య పారే వైట్ నది కథ తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది.

ముందు ఎర సంగతి. మిషిగన్‌లోని డవాజాక్ అనే చిన్న ఊళ్ళో జేమ్స్ హెడన్ అని ఒకాయన ఉండేవాడు, తేనెటీగల పెంపకంలో పేరున్న మనిషి. మిల్లు చెరువు గట్టున కూర్చుని ఊరికే చెక్కుతున్న కొయ్యముక్కని నీళ్ళలోకి విసిరితే బ్యాస్ చేప ఒకటి ఎగిరి దాన్ని కొట్టిందని, వ్యాపారం ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. నిజమెంతో గానీ 1900 తర్వాత కొన్నేళ్ళకే హెడన్ కంపెనీ కొయ్యచేపలు దేశమంతా అమ్ముడుపోయాయి. ఇండియానాలోని గారెట్ ఊరి క్రీక్ చబ్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసింది. ఎర మూతి దగ్గర చిన్న రేకు పెదవి పెట్టారు, దారం లాగగానే అది నీళ్ళలోకి మునిగి అటూఇటూ ఊగుతుంది. సన్నని వలగుడ్డ మీదుగా రంగు చల్లి ఒంటి మీద పొలుసులు కూడా తెప్పించారు. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ 22 పౌండ్ల 4 ఔన్సుల బ్యాస్ పట్టి ప్రపంచ రికార్డు కొట్టింది క్రీక్ చబ్ ఎరతోనే.

ఇప్పుడు నది. వైట్ నది ఆర్కన్సా కొండల్లో పుట్టి, మిస్సోరీలోకి వెళ్ళి, మళ్ళీ ఆర్కన్సాకే తిరిగొచ్చి మిసిసిపీలో కలుస్తుంది. 1900ల మొదట్లో ఆ లోయలోకి రైలు వచ్చాక ఊళ్ళ నుంచి జనం చేపల వేటకి రావడం మొదలైంది. మిస్సోరీలోని గలీనా అనే ఊరి దగ్గర జేమ్స్ నదిలో పడవెక్కితే వంపులు తిరుగుతూ వైట్ నదిలోకి దిగి, దాదాపు 200 కిలోమీటర్లు ప్రవాహంతోపాటే వెళ్ళి బ్రాన్సన్‌లో తేలేవాళ్ళు. ఐదారు రోజుల ప్రయాణం. రోడ్డు మీద ఆ దూరం అందులో నాలుగో వంతు కూడా ఉండదు! పడవలు పొడుగ్గా, సన్నగా, అడుగు చదునుగా ఉండేవి, వాటిని జాన్‌బోట్ అంటారు. వెనక స్థానికుడు ఒకడు తెడ్డుతో పడవని అదుపు చేస్తుంటే ముందు కూర్చున్నవాళ్ళు గాలం వేసేవాళ్ళు. గుడారాలు, వంటసామాను మోసే ఇంకో పడవ ముందే వెళ్ళి, రాత్రి బసకి మంచి గులకరాళ్ళ తిన్నె చూసిపెట్టేది. తిరుగు ప్రయాణంలో మనుషులతోపాటు పడవల్ని కూడా రైలెక్కించేవాళ్ళు. 1930ల్లో బ్రాన్సన్‌లో జిమ్ ఓవెన్ దీన్ని పెద్ద వ్యాపారంగా చేశాడు, ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు.

పారే నదిలో పడవ ఆగదు, అందుకే ఎర అలా ఉండాల్సి వచ్చింది. ఒక రాయి వెనకో, వాలిన చెట్టు కిందో స్మాల్‌మౌత్ బ్యాస్ ఉంటుందనుకుంటే అక్కడికి ఒక్క విసురు, మహా అయితే రెండు, ఈలోపే పడవ ముందుకి వెళ్ళిపోతుంది. నీళ్ళు చాలాచోట్ల నడుము లోతే, కింద అంతా రాళ్ళు. అందుకని ఎర పడిన మరుక్షణమే పనిచెయ్యాలి, కొంచెమే మునగాలి, లాగడం ఆపితే పైకి తేలిపోవాలి, లేకపోతే రాళ్ళలో ఇరుక్కుని పోతుంది. చేతిలో పట్టేంత చిన్న కొయ్యచేపలో ఈ లెక్క అంతా ఉంది. నది లోతు, వడి, అడుగున ఉన్న రాళ్ళు, అందులో తిరిగే చేప నోటి సైజు, అన్నీ.

తర్వాత ఆనకట్టలు వచ్చాయి. 1913లోనే ఫోర్సైత్ దగ్గర కరెంటు కోసం ఒకటి కట్టారు గానీ అది చిన్నది. 1927 వరదలు మిసిసిపీ లోయనంతా ముంచేశాక వరదల్ని ఆపాలన్న ఒత్తిడి పెరిగింది, యుద్ధకాలంలో కరెంటు అవసరం దానికి తోడైంది. 1941లో మొదలుపెట్టి 1944 కల్లా ఉపనది మీద నార్‌ఫోర్క్ డ్యామ్ పూర్తి చేశారు. వైట్ నదికే అడ్డంగా 1951లో బుల్ షోల్స్, 1958లో టేబుల్ రాక్, 1966లో బీవర్ లేచాయి. 1952 జులైలో ప్రెసిడెంట్ ట్రూమన్ స్వయంగా వచ్చి నార్‌ఫోర్క్, బుల్ షోల్స్ డ్యాములని అంకితం చేశాడు. గలీనా నుంచి బ్రాన్సన్ దాకా తేలుతూ వెళ్ళే దారిలో కింది భాగం టేబుల్ రాక్ జలాశయం అడుగుకి పోయింది. దిగువ రైతులకి వరద భయం తగ్గింది, పేద కొండ ప్రాంతానికి కరెంటు, టూరిజం వచ్చాయి, వీటిని కాదనలేం. కానీ పోయినదాన్ని ఎవరూ సరిగ్గా లెక్క రాయలేదన్నదే నా బాధ.

ముంపుకి గురికాని దిగువ భాగం కూడా మారిపోయింది. కరెంటు తీసే నీళ్ళు జలాశయం లోతుల్లోంచి వస్తాయి, ఎండాకాలంలో కూడా ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. వెచ్చటి నీళ్ళలో పెరిగే స్మాల్‌మౌత్ ఆ చలిలో నిలబడలేకపోయింది. ఆ నష్టానికి బదులుగా ప్రభుత్వం ట్రౌట్ అనే చల్లనీటి చేప పిల్లల్ని పెంచి వదలడం మొదలుపెట్టింది, నార్‌ఫోర్క్ కేంద్రం 1957 నుంచి ఈ పని చేస్తోంది. ట్రౌట్ బ్రహ్మాండంగా పెరిగింది. 1992లో వైట్ నది ఉపనది లిటిల్ రెడ్‌లో, గ్రీర్స్ ఫెర్రీ డ్యామ్ కింద, 40 పౌండ్లు దాటిన బ్రౌన్ ట్రౌట్ దొరికింది. మంచి వేటే, అయితే ఆ నదికి పుట్టుకతో ఉన్న వేట కాదు.

పైన జలాశయాల్లో ఎరలే మారాయి. లోతు నీళ్ళ అడుగుకి దిగే ఎరలు, మెత్తటి ప్లాస్టిక్ వానపాములు, చేప ఎంత లోతులో ఉందో చూపించే యంత్రాలు, ఇంజను పడవలు వచ్చాయి. 1967 జూన్‌లో రే స్కాట్ అనే ఆయన తన మొదటి బ్యాస్ పోటీ పెట్టింది ఒక్క ఏడాది ముందు పూర్తయిన బీవర్ జలాశయంలోనే. ఇవాళ టీవీల్లో చూపించే లక్షల డాలర్ల పోటీలన్నీ ఆ దారిలోనివే. హెడన్, క్రీక్ చబ్ పేర్లు చివరికి ఆర్కన్సాలోనే ఫోర్ట్ స్మిత్‌లోని ఒక ప్లాస్టిక్ ఎరల కంపెనీ చేతికొచ్చాయి.

ఈ బీవర్ నీళ్ళే ఆర్కన్సాలోని బెంటన్‌విల్, రోజర్స్ ఊళ్ళ కుళాయిల్లో వస్తాయి, వాల్‌మార్ట్ ఉద్యోగాలతో అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తాగేవి కూడా ఇవే. ఆ జలాశయం కింద మాంటీ నే అనే పాత విహార పట్టణం ఉంది, నీళ్ళు బాగా తగ్గినప్పుడు దాని కాంక్రీటు మెట్లు బయటపడతాయి. మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ నిండకముందు నాగార్జునకొండ కట్టడాలు కొన్నిటినైనా కొండ మీదికి తరలించాం. పోలవరం ముంపులో దేవీపట్నం వైపు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు అక్కడి ఊతలు, విసురు వలలు, ఏ మడుగులో ఏ కాలంలో ఏ చేప పడుతుందన్న లెక్కలు ఎవరైనా రాసిపెట్టారా?

వైట్ నదిలో కలిసే బఫెలో నది మాత్రం తప్పించుకుంది. దాని మీద కూడా రెండు డ్యాములకి ప్లాన్ వేశారు. 1962లో నీల్ కాంప్టన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఓజార్క్ సొసైటీ పెట్టి పదేళ్ళు కొట్లాడారు. 1972 మార్చి 1న దాన్ని జాతీయ నదిగా ప్రకటించారు, అమెరికాలో అలాంటి హోదా వచ్చిన మొదటి నది అదే. స్మాల్‌మౌత్ ఇప్పటికీ అందులో ఉంది. పాత కొయ్య ఎర ఎందుకలా చేశారో తెలుసుకోవాలంటే పడవ వేసుకుని బఫెలో మీదికి వెళ్ళాలి.

తాతగారి గాలాల పెట్టె దొరికినవాళ్ళకి ఒక్క మాట. రంగు పోయిందని మళ్ళీ రంగు వెయ్యకండి, తుప్పు గాలాలు మార్చకండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఆ ఎర ఏ నదిలో, ఏ వంపు దగ్గర వేసేవాళ్ళో అడిగి, చీటీ మీద రాసి అదే పెట్టెలో పెట్టండి.