ఎల్లూరు మునిగిన నాడే తెలియాల్సింది

ఎండలు ముదిరేసరికి పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఖాళీ బిందెలు మళ్లీ రోడ్డెక్కాయి. నీళ్లు లెక్క ప్రకారం వదులుతున్నామని ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం ఇంజినీర్లు, ట్యాంకు సగం కూడా నిండట్లేదని ఊళ్లవాళ్లు.

నల్లగొండ ఫ్లోరైడ్ గోస, దాన్ని దేశానికి చాటడానికి 1996లో అక్కడి లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ, 2015లో చౌటుప్పల్‌లో భగీరథ పైలాన్, మరుసటి ఏడాది కోమటిబండలో ప్రధాని ప్రారంభోత్సవం అందరికీ తెలిసినవే. నేటి పేచీ మూలం 2020 అక్టోబర్ 16లో ఉంది.

ఆ రోజు కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో కల్వకుర్తి ఎత్తిపోతల మొదటి పంపుహౌస్ మునిగింది. 30 మెగావాట్ల మోటార్లు నీళ్లపాలయ్యాయి. సాంకేతిక లోపమని అప్పటి ప్రభుత్వం, పక్కనే పాలమూరు-రంగారెడ్డి పనుల పేలుళ్ల వల్లేనని ప్రతిపక్షం తిట్టుకున్నాయి. ఆ గొడవలో అసలు ప్రశ్న ఎవరికీ పట్టలేదు. భగీరథకు నీళ్లు తీసుకునేది ఎల్లూరు రిజర్వాయర్ నుంచి, దాన్ని నింపేది ఆ మోటార్లే. పొలాల పంపు మునిగితే ఇళ్లలో బిందెలకూ టెన్షనే అయింది.

అంతకుముందు ఊరికో బోరు, ఓ ట్యాంకు. ఆ నీళ్లు ఉప్పనే, చాలాచోట్ల విషమే. కానీ మోటారు కాలితే ఆ ఒక్క ఊరికే ఇబ్బంది. భగీరథ పైపుల గ్రిడ్ వచ్చాక అదే ట్యాంకులోకి కృష్ణా నీళ్లు ఎక్కాయి. నీళ్లు బాగుపడ్డాయి, అది కాదనలేం. ఆ ధీమాతోనే చాలా ఊళ్లు బోర్లను వదిలేశాయి. స్టార్టర్ డబ్బాలు తుప్పుపట్టాయి.

ఇక వీధిలోకి వస్తే, ధార అందరికీ సమంగా రావాలని నల్లాలకు ఫ్లో కంట్రోల్ వాల్వులు బిగించారు. సన్నగా వస్తోందని వాటిని పీకేసినవాళ్లున్నారు, పైపుకే మోటారు తగిలించినవాళ్లూ ఉన్నారు. పల్లంలో ఇంటి సంపు నిండుతుంది, మెరక మీది వాడకట్టులో నల్లా తిప్పితే గాలి బుస్సుమంటుంది. ఇంజినీర్లు వేలు చూపేది ఇక్కడే: ట్యాంకు దాకా మా పని, ఆ తర్వాత పంచాయతీది. పంచాయతీ అంటే ఎవరు? 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ ఎన్నికల దాకా సర్పంచులే లేరు. నాలుగైదు ఊళ్లు చూసే ప్రత్యేకాధికారి ఏ వాడకట్టు వాల్వ్ చూస్తాడు?

నల్లగొండ వైపు ఊరి పేర్లే వేరు, గోస ఒకటే. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లు ఎత్తి అక్కంపల్లికి పంపితే, అందులోంచి హైదరాబాద్‌కు మూడు దశల్లో రోజుకు 27 కోట్ల గ్యాలన్లు పోతాయి. జిల్లా కాలువలకూ అవే నీళ్లు. సాగర్ మట్టం 510 అడుగుల కిందికి పడితే మామూలు పంపులకు నీళ్లందవు. 2024 వేసవిలో అత్యవసర పంపులు దించారు, మొదటి ఆలోచన నగరం కోసమే.

పాత బోర్లకు మళ్లీ మోటార్లు దించడానికి డబ్బివ్వండని ఊళ్లు ఇప్పుడు అడుగుతున్నాయి. గ్రిడ్ ఉండగా ఎందుకన్నది అధికారుల అడ్డుపుల్ల. పాలమూరులో చాలా ఊళ్లకు ఆ బోరు ఆపద్ధర్మంగానైనా పనికొస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ దారీ లేదు. ఫ్లోరైడ్ వల్ల బోరు నీళ్లు బట్టలకే, గొంతులోకి కాదు. అక్కడ ఒక లైను ఆగితే ఇంకో కృష్ణా లైను నుంచి మళ్లించే ఏర్పాటే కావాలి. ఆ ప్రతిపాదన గురించి మాత్రం ఇప్పటి వాదోపవాదాల్లో ఎవరూ నోరు విప్పట్లేదు.